కొండను అడగలేదు

నిలబడి ఉన్న చెట్టును అమ్మవచ్చా? అమ్మితే కొన్నవాడి చేతికి వెళ్ళేది ఏమిటి? ఈ అనుమానం ఏళ్ళ తరబడి నా లోపల ఉంది. జపమాల తిప్పుతున్నప్పుడు కూడా మధ్యలో వచ్చి కూర్చుంటుంది. ఫాదర్‌ని అడిగితే, "సృష్టిని కాపాడటం పుణ్యమే క్రిసాంతో, ఎక్కువ ఆలోచించకు" అన్నారు. ఆయన మాట కాదనలేను. కానీ ఆయన ఉండేది కోబాన్ పట్నంలో, మా కొండ కింద కాదు.

ఊరి వెనక కొండ అడవిని నరకకుండా ఉంచితే డబ్బిస్తామని దూరదేశాల నిధి సంస్థ ఒకటి ముందుకొచ్చింది. వాళ్ళ ఫ్యాక్టరీల పొగ గాలిలో కలుస్తుంది, మా చెట్లు దాన్ని పీల్చుకుంటాయి, పీల్చుకున్నదానికి వాళ్ళు వెల కడతారు. ఆ సంస్థ ఇంజినీరు రోలాండో మమ్మల్ని బడిలో కూర్చోబెట్టి ఇదంతా చెప్పాడు. ఊరంతా సంతకాలూ వేలిముద్రలూ పెట్టాం.

మేము మొక్కజొన్న విత్తాలన్నా, దూలానికి చెట్టు కొట్టాలన్నా ముందు కొండ పెద్దాయనను అడుగుతాం. కొండకూ లోయకూ ఆయనే యజమాని. పోమ్ ధూపం వేసి, కొవ్వొత్తి వెలిగించి, కోకో పోసి, "నీ ఒంటిమీద చెయ్యి వేస్తున్నాం, మన్నించు" అంటాం. దేవుడు చేసినదానికి ఆయన కాపలాదారని మా నాన్న చెప్పేవాడు. నాకూ అందులో తప్పు కనిపించలేదు. ఆ రోజు మాత్రం సభలో ఎవరో, "గొడ్డలే పెట్టడం లేదు, ఇక అడిగేదేముంది?" అన్నారు. నిజమే కదా అనుకున్నాం అందరం.

డబ్బు వచ్చింది. ప్రార్థనాలయానికి రేకుల కప్పు పడింది, ఊరికి నీళ్ళ గొట్టం వచ్చింది. రోలాండో చెట్లకు అల్యూమినియం బిళ్ళలు కొట్టి, ఏటా టేపుతో చుట్టుకొలత తీసేవాడు.

"బాబాయ్, మీ చెట్లు లావెక్కినట్టు ఇంకెక్కడా లావెక్కలేదు. ఏం పెడుతున్నారు వీటికి?" అన్నాడొకసారి సంబరంగా.

"మా అత్త వంట."

మా అత్త కాందెలారియా వినేసింది. "అదే వంట తిని నువ్వెందుకు ఇలా ఎండిపోయావు అల్లుడూ?"

నవ్వుకున్నాం. ఆ సాయంత్రమే మొదటిసారి చూశాను. ఊళ్ళో ప్రతి పొయ్యి పొగా కప్పు దాటగానే కొండవైపు వంగుతోంది. గాలేమో కొండ మీది నుంచి మా వైపు వీస్తోంది. పొగ గాలికి ఎదురు పోతోంది, అటు చివర ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు.

తర్వాత కుక్కలు అడవిలోకి రావడం మానేశాయి. బిళ్ళలున్న చెట్ల మీద ఆకులు కదిలేవి, చప్పుడు మాత్రం ఉండేది కాదు.

వానలు తగ్గాక నా భార్య మార్సెలీనా కట్టెపుల్లలకు వెళ్ళి, బిళ్ళ ఉన్న పెద్ద చెట్టు వేరు తట్టుకుని పడింది. ఒంటిమీద గీత కూడా పడలేదు. లేచి ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి మాట లేదు. రొట్టె చేతికిస్తే పట్టుకుని కూర్చుంటుంది. ముక్కు దగ్గర కొవ్వొత్తి పెడితే మంట వణకలేదు. నర్సు మాత్రలిచ్చింది. మనిషి రోజురోజుకూ చల్లబడుతోంది.

"ఒళ్ళు వచ్చింది, ప్రాణం అక్కడే ఉండిపోయింది. ఆయన పట్టుకున్నాడు," అంది అత్త.

"ఇది ఏం తప్పు చేసిందత్తా?"

"ఇదేం చేయలేదు. ఊరు చేసింది. పొగ తినమని ఆయన నోరు అమ్ముకున్నారు. ఆయన్ని అడిగారా? తినమన్నారు, తింటున్నాడు. ఏది ఎవరి పొగో, ఏది ఎవరి ఊపిరో ఆయనకెవరు చెప్పారు?"

కొలతకు వచ్చిన రోలాండోను అడిగాను. "ఒప్పందంలో మనుషుల ఊపిరి ఉందా బాబూ?"

నవ్వబోయి, మార్సెలీనాను చూసి ఆగిపోయాడు. "లేదు బాబాయ్. కానీ మామూలుగా ఏ చెట్టూ అంత లావెక్కదు," అన్నాడు మెల్లగా. ఆ రోజు టేపు బయటికి తీయకుండానే వెళ్ళిపోయాడు.

సిలువ ముందు మోకరిల్లాను. యజమానిని అడగకుండా ఇల్లు అద్దెకిస్తే దొంగతనమే కదా ప్రభూ, అన్నాను. కొండెక్కి పెద్దాయనను అడగవద్దని మాత్రం అనిపించలేదు.

మధ్యాహ్నం అత్తతో కలిసి ముగ్గురం కొండెక్కాం. చెయ్యి పట్టుకుంటే మార్సెలీనా నడిచింది. ఆమెను ఆ వేరు మీద కూర్చోబెట్టి, అత్త కాచిన కోకో గిన్నె పక్కన పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, పోమ్ నిప్పుల మీద వేశాను. పొగ పైకి లేవలేదు. నేల వెంట పాకి బెరడు పగుళ్ళలోకి దూరిపోయింది.

పరలోక ప్రార్థన చెప్పి, "పెద్దాయనా, ఇన్నేళ్ళూ నిన్ను అడగకుండా నీ ఊపిరి అమ్ముకు తిన్నాం. ఆనాడే నీకు ముట్టాల్సింది ఇది," అన్నాను. అత్త తన కూతురి రవికెతో నేలను కొడుతూ ఆ ప్రాణాన్ని పిలిచింది. "రా మార్సెలీనా, ఇంటికి పోదాం రా. ఇక్కడ ఉండిపోకు."

తర్వాత మా కాళ్ళ కింద ఎక్కడో, నిద్రలో ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టు వినిపించింది. మార్సెలీనా దగ్గింది. గిన్నెలోకి తేరిపార చూసింది.

"అమ్మా, కోకోలో ఇన్ని నీళ్ళా?" అంది బొంగురు గొంతుతో. "ఆయనకిచ్చేది ఇదా?"

"నోరు తెరిచావో లేదో వంక పెట్టావూ!" అత్త ఏడుస్తూనే తిట్టింది.

నేను గిన్నె అందుకుని, కోకో అంతా చుక్క మిగలకుండా వేరు మీద వంచాను. గిన్నె ఖాళీ అయింది. నేల మాత్రం తడవలేదు.