మీసాల హెర్క్యులిస్ దీపం

బోధన్ ఆడపిల్లల బడిలో అజీజా చరిత్ర చెప్పేది, నేను తెలుగు. ఆ ఏడు, సబ్జెక్టుకో మేజాబల్ల వేసే బడి ప్రదర్శన ముందర హెడ్మిస్ట్రెస్ విమలమ్మ ఖండితంగా చెప్పేసింది.

"పోయినేడు నీ మేజా కాడ ఈగలు దప్ప ఎవ్వరు నిలవడలే అజీజా. ఈసారి గూడ గట్లనే అయితే ఆ మేజా సైన్సుకిచ్చేస్త."

అజీజాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చరిత్రంటే అంత అలుసా!

అజీజా పుస్తకంలోని పాతకాలపు రోమ్ దీపం బొమ్మ పట్టుకొని, కుమ్మరి సాయన్న దగ్గరికి నన్నూ లాక్కుపోయింది. అది మన ప్రమిదలా తెరిచి ఉండదు. పైన మూత, మూత మీద సింహంతో కుస్తీ పడుతున్న హెర్క్యులిస్ అనే వీరుడు, నూనె పోయడానికి చిన్న బెజ్జం, ముందుకు పొడుచుకొచ్చిన దీపం ముక్కులో వత్తి.

"దీపంతకు మూతేంది మేడం?" అని నవ్వాడు సాయన్న. చేశాడు గాని, వీరుడి ఒంటి మీద నూలుపోగు లేదని సిగ్గుపడి ధోవతి కట్టాడు. పనిలో పనిగా మీసాలూ పెట్టాడు. నేను పడీపడీ నవ్వాను.

ప్రదర్శన రోజు దీపం వెలిగించామో లేదో, భీమ్‌గల్ నుంచి మనవరాలి కోసం వచ్చిన గోదావరవ్వ ఎదురుగా నిలబడిపోయింది.

"అయ్యో నా తండ్రి! లింబాద్రి గుట్ట నర్సింహ సామి!"

మనవరాలి జడలోంచి బంతిపువ్వు లాగి దీపం ముందు పెట్టింది. ఇంకేముంది, జనం విరగబడ్డారు. అవతల సైన్సు వాళ్ళ సీసాల దగ్గర నరమానవుడు లేడు.

"నోర్మూస్కొని ఉండు. మేజా దక్కింది" అని అజీజాను గిల్లాను.

"గట్లెట్ల సుమిత్రక్క? చరిత్ర టీచర్నయి ఉండి అబద్ధం జెప్పాల్నా?"

నేను ఆపేలోపే అనేసింది: "అవ్వా, ఈయన నర్సింహ సామి కాదు. సముద్రం అవతల రోమ్ అనే దేశపోళ్ళ వీరుడు."

నెత్తి కొట్టుకున్నాను. అవ్వ జోడించిన చేతులు దించింది. దీపాన్నీ అజీజానూ మార్చి మార్చి చూసింది.

"మరి గా సింహంతోని కొట్లాటెందుకొచ్చింది బిడ్డా?"

అజీజా మొదలుపెట్టింది. ఏ కత్తీ దిగని తోలట ఆ సింహానిది. అక్కడి జనం ఆ కథను దీపాల మీద అచ్చువేసుకొని, ఆ వెలుతురులోనే బువ్వ తినేవాళ్ళట. అవ్వ నేల మీద చతికిలబడింది. ఆమె వెనక వాళ్ళూ కూర్చున్నారు. సంతోషంతో నాకే ఏడుపొచ్చింది.

గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. విమలమ్మ విసవిసా వచ్చింది.

"టైమైంది, లేవండ్రి అందరు!"

అజీజా హడలిపోయి కథ ఆపేసింది. ఎవ్వరూ కదల్లేదు. విమలమ్మ దీపం వైపు వంగి చూసి, కుర్చీ లాక్కొని కూర్చుంది.

"నువ్వెందుకు ఆపినవ్? సింహం చచ్చిందా లేదా, గది జెప్పు."