దాలమ్మ నీళ్లు పోసిన చేయి

పద్నాలుగు రోజుల పాపను బల్లమీద పడుకోబెట్టగానే జబ్బేమిటో నాకు తెలిసిపోయింది. ఎడమ భుజం వాచింది, ఆ చేయి కదలడం లేదు. తల్లి గ్లోరీ పక్కన, నూనె మరకల చీరలో ఒక ముసలావిడ. నేరమూ నేరస్థురాలూ ఒకే ఆటోలో వచ్చారనుకున్నాను.

"పాపకు స్నానం పోసేది నువ్వేనా?"

"నానే బాబూ. దాలమ్మంతారు. కళింగపట్నంలో సగం ఊరు నా కాళ్లమీదే తానాలు సేసినాది."

"కాళ్లమీద వేసుకుని చేతులు లాగుతావు కదా?"

"లాగనా మరి? ఒళ్లెలాగ సాగుతాది?"

ఒప్పుకుంది. నాకు సంతోషమైంది. ఆ సంతోషానికి పాప మీద జాలి అని పేరు పెట్టుకుని, నూనె మర్దనల మీద నా పది నిమిషాల ఉపన్యాసం ఇచ్చాను.

ఎక్స్‌రే వచ్చింది. ఎముక విరగలేదు.

కొంచెం నిరాశపడ్డాను. పసిపిల్ల ఎముక విరగనందుకు నిరాశపడే పిల్లల డాక్టరు శ్రీకాకుళంలో నేనొక్కడినే అయ్యుంటాను. వెంటనే రెండో సిద్ధాంతం తీశాను: కాన్పులో నరం సాగి ఉంటుంది, నెమ్మదిగా సర్దుకుంటుంది, ఇంటికి వెళ్లండి. చీటీ రాయడం కూడా మొదలుపెట్టాను.

"కాన్పులోది కాదు బాబూ," అంది దాలమ్మ.

"నీకెలా తెలుసు?"

"పది రోజులు నీళ్లు పోసినాను. రెండు సేతుల్తోనూ నా సీర పట్టుకు గుంజేది. మొన్నే ఆపీసింది. ముట్టుకుంటే కెవ్వుమంతంది. సచ్చుబడిన సెయ్యయితే ఎందుకేడుస్తాది? ఈ గ్లోరీయేమో జొరం నేదు కదా అంతాది."

"పాలు కూడా సరిగ్గా తాగట్లేదు సార్," అంది గ్లోరీ, నేలకేసి చూస్తూ.

పెన్ను ఆగింది. అంత చిన్నపిల్లలకు కీలులో చీము పట్టినా జ్వరం రాకపోవచ్చు. ఇది నేను జూనియర్లకు చెప్పే పాఠం. చెప్పేటప్పుడు నా గొంతు నాకే ముచ్చటగా ఉంటుంది. లేచి వెళ్లి పాప భుజం మీద వేళ్లు పెట్టాను. వెచ్చగా ఉంది. కొద్దిగా కదపగానే గుక్కపట్టింది. అప్పటిదాకా నేను ఆ పిల్లను ముట్టుకోనేలేదు.

స్కానింగులో కీలు నిండా నీరు కనిపించింది. సూది పెడితే చీము వచ్చింది. రక్తం పరీక్షకు పంపి, యాంటీబయాటిక్ ఎక్కించి, సాయంత్రంలోగా సర్జన్ చేత కీలు కోసి కడిగించాం. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే భుజం పాడయ్యేదేమో అన్నాడాయన. ఆ రెండు రోజులు నా చీటీలో దాదాపు రాసి ఉన్నాయి.

ఆరో రోజు వార్డుకు వెళ్లేసరికి దాలమ్మ ఉంది. క్షమాపణకు మూడు రకాల మాటలు సిద్ధం చేసుకున్నాను. మూడింటిలోనూ నేనే గొప్పవాణ్ణి. చివరికి, "పొరపాటు పడ్డాను దాలమ్మా," అని మాత్రం అన్నాను.

"ఆ గోలేటిగాని, ఇటు సూడు బాబూ."

పాప ఎడమ చేయి వణుకుతూ సగం దాకా లేచి, పడిపోయింది. మళ్లీ లేచింది.

"మిగతా సగం?" అంది గ్లోరీ.

"వస్తుందనే అనుకుంటున్నాను. కొన్ని నెలలు చూస్తూ ఉండాలి."

"నీళ్లెప్పుడు పొయ్యాల?" అంది దాలమ్మ.

"కుట్లు మానాక. కానీ ఎడమ చేయి మాత్రం—"

"లాగనులే," అంది. "నువ్వు కూసో, అలసిపోనావు."

కూర్చున్నాను.