స్టీలు డబ్బాలో టికెట్ 417

పెళ్ళయి నలభై ఒక్క రోజులయింది. శనివారం ఉదయం రైలెక్కి, నాలుగు రోజులు సముద్రం చూసి రావాలి. మధ్యలో అడ్డంగా కూర్చున్నది ఒక్కటే, టికెట్ 417.

మా ఆఫీసులో ఇంటికి రొట్టెలు తెప్పించుకునే యాప్ తయారు చేస్తాం. తప్పులు పట్టడం నా పని, సరిచేయడం మా ఆయన పని. ఈ ఏర్పాటు పెళ్ళికి ముందు నుంచే ఉంది. దొరికిన ప్రతి తప్పుకీ నంబరు వేసి నేనొక ఫిర్యాదు టికెట్ తెరుస్తాను. ఆయన సరిచేశాక మళ్ళీ నేనే చూసి మూస్తాను. తెరిచినవాళ్ళే మూయాలన్నది ఆఫీసు నియమం. తెరిచినవి తెరిచినట్టుంటే సెలవు లేదన్నది మా మేనేజరు సొంత నియమం. ఆయనకి మేం పెట్టుకున్న పేరు గడువుగారు.

సోమవారం మా అత్తయ్య ఆ యాప్‌లో ఒక్క రొట్టె అడిగితే తొమ్మిది వచ్చాయి. నాకు పట్టరాని సంతోషం కలిగింది. వంటింట్లో నిలబడ్డదానికి అంత చక్కటి తప్పు కాళ్ళ దగ్గరికి రావడం అదృష్టం కాక ఏమిటి? తడి చేతులైనా తుడుచుకోకుండా టికెట్ తెరిచాను. ఆ రొట్టెల్ని మూడు రోజులు తిన్నాం.

గురువారం దాకా మా ఆయన నూటపాతిక సార్లు నొక్కి చూశాడు. నొక్కిన ప్రతిసారీ ఒక్క రొట్టే నమోదైంది. "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని టికెట్ కింద రాశాడు. "నీ దగ్గర అన్నీ బాగానే పనిచేస్తాయి" అని నేను రాశాను. పదకొండు మంది దానికి నవ్వు బొమ్మలు పెట్టారు.

శుక్రవారం పొద్దున గడువుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"రెండే దారులమ్మా. ఆ తప్పు మళ్ళీ చేసి చూపించు, లేదా మూసెయ్. సాయంత్రం ఆరింటిదాకా టైముంది."

ఆయన అటు వెళ్ళగానే మా ఆయన కుర్చీని జరుపుకుంటూ వచ్చాడు. "మళ్ళీ రాలేదని రాసి మూసెయ్యరాదూ? సముద్రం ఎదురుచూస్తోంది."

"సముద్రం ఎక్కడికీ పోదు. రొట్టెలు తిన్నది నేను. రాలేదని ఎలా రాయను?"

"ఎంత మొండిదానివే."

"పెళ్ళికి ముందే చూపించాను. అది కూడా మళ్ళీ రాదనుకున్నావు."

మధ్యాహ్నం అత్తయ్యని ఆఫీసుకే రప్పించాను. గడువుగారితో సహా ఆరుగురం చుట్టూ నిలబడ్డాం.

"అత్తయ్యా, ఆ రోజు ఏం చేశారో అచ్చం అలాగే చేయండి."

"ఇంతమంది ముందు రొట్టె అడిగితే తిండిపోతుననుకోరూ" అంటూనే ఆవిడ నొక్కారు. నొక్కీ నొక్కగానే సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, ఫోను అందులో పెట్టి, మూత బిగించి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

అందరం డబ్బా మీదికి వంగాం.

"అదేంటమ్మా?" అన్నాడు మా ఆయన.

"నువ్వే కదరా, ఫోనుకి తడి తగలనివ్వకు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు. ఇందులో చుక్క పడదు."

ఈలోగా నా కంప్యూటరు తెర మీద ఆర్డర్లు ఒకటి, రెండు, మూడు అంటూ పెరుగుతున్నాయి. డబ్బాలో సిగ్నల్ అంతంతమాత్రం. అడిగింది ఎలాగో బయటికి వెళుతోంది, 'అందింది' అన్న జవాబు మాత్రం లోపలికి రావడం లేదు. జవాబు రాలేదని పిచ్చి యాప్ మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. ఏడు దగ్గర మూత తీశాం. నాకు గంతులేయాలనిపించింది. ఒకటి వేశాను కూడా.

మా ఆయన సరిచేశాడు. అత్తయ్య ఫోనుని డబ్బాలో పెట్టి చూశాను, ఒక్కటే నమోదైంది. ఐదూ యాభైకి 417 మూశాను. అప్పుడు గడువుగారు గొంతు సవరించుకున్నారు.

"రేపు ఈ సరిచేసిన యాప్ జనం ఫోన్లలోకి వెళుతుంది. నాలుగు రోజులు ఎవరో ఒకరు ఇలాగే నొక్కి చూస్తుండాలి. నువ్వైతేనే..."

నా ముఖం ఎలా పెట్టానో నాకు తెలియదు. అత్తయ్యకి కనిపించింది.

"పిల్లల్ని వెళ్ళనీ బాబూ. నేనున్నాను, నా డబ్బా ఉంది. ఆ కుర్చీలో కూర్చుని నొక్కడమేగా."

గడువుగారు డబ్బా వంక గౌరవంగా చూశారు. "రేపు మర్చిపోకుండా తెస్తారుగా అమ్మా?"

"నేనెక్కడుంటే అదక్కడే."

మూడో రోజు ఇసుకలో కూర్చుని ఫోను తెరిస్తే, అత్తయ్య పద్నాలుగు టికెట్లు తెరిచి పెట్టారు. అన్నీ మా ఆయన పేరు మీదే. రొట్టె తెచ్చే మనిషి గంట ఒక్కసారి కొడితే చాలని ఒకటి, అక్షరాలు గుమ్మడికాయంత ఉండాలని ఒకటి. ఆఖరిది 431: 'కొడుకు రోజుకొక్కసారైనా ఫోన్ చేయాలి.' గడువుగారు దానికి 'అత్యవసరం' అని గుర్తు పెట్టారు.

మా ఆయన చదివి, "సరిచేశాను" అని రాసి, మళ్ళీ పడుకున్నాడు. రెండు నిమిషాల్లో అత్తయ్య టికెట్‌ని తిరిగి తెరిచారు.

"చూశాను. నా దగ్గర పనిచేయడం లేదు."

ఆయన లేచి, ఇసుక దులుపుకుని, సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి పట్టుకుని నీళ్ళ అంచుదాకా నడిచాడు.