గడప దాటిన చీపురు

నేను ఒక కొబ్బరీనెల చీపురుకట్టని. ముఖం చిట్లించకండి. పొరపాటున నాకు కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు, లక్ష్మీదేవినంటారు, ఆ వెంటనే చుట్టాలొస్తున్నారని తలుపు వెనక్కి తోసేస్తారు. లక్ష్మీదేవిని తలుపు వెనక నిలబెట్టే ఆ భక్తి ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. నేనైతే ఆ మూలని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరితోటలో పుట్టాను. నూకాలనే ముసలామె ఎండుటాకులు చీరి, ఈనెలు గీకి, తాడుతో బిగించి, నేలకేసి రెండు దెబ్బలు కొట్టి చూసింది. "ఇది మొండిది. అంత తొందరగా అరగదు" అంది. నా జాతకం రాసింది ఆవిడే.

నన్ను కొనుక్కున్నది ఇందుమతి. ఆమె మొగుడు సత్తిబాబు యోగా మాస్టారు. వియత్నాంలో హైఫాంగ్ అనే రేవుపట్నంలో నేర్పడానికి పిలుపొచ్చింది. పెట్టె సర్దుతున్నప్పుడు నన్ను చూసి అతను నోరు తెరిచాడు.

"ఏటే, ఆ దేశంలో చీపుర్లుండవా?"

"ఉంటాయండి. మన చీపురు ఉండదు కదా!"

చీరల మధ్య పడుకుని సముద్రం దాటాను. తీరా అక్కడ సందు మొదట్లో ఉన్న కొట్టు ముందు అచ్చం నాలాంటివే వరసగా వేలాడుతున్నాయి. నా గర్వం సగం అక్కడే దిగింది. మిగతా సగం ఇంకా దిగలేదు.

ఆ సందులో ఇళ్ళు చూస్తే నవ్వొచ్చింది. వెడల్పు రెండు బారలు ఉండదు, ఎత్తు మాత్రం అయిదంతస్తులు. పూర్వం వీధివైపు వెడల్పుని బట్టి పన్ను వేసేవారని, అందుకే ఇలా సన్నగా కట్టడం అలవాటైందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ముందువైపు లావుపాటి స్తంభాలు, పూలకుండీల వసారాలు, పసుపురంగు. పక్కగోడలకి సున్నం కూడా ఉండదు, ఉత్త సిమెంటే. నలుగురూ చూసేవైపే సోకులన్నమాట. ఈ విషయంలో మనుషులందరూ ఒక్క తల్లి పిల్లలే. నాకు మాత్రం ఆ ఇల్లంటే మెట్లే. రోజూ అయిదంతస్తుల మెట్లు దిగుతూ ఊడ్చేసరికి నా నడుము పడిపోయేది.

అద్దెకిచ్చిన ఇంటాయన లేడు, ఇంటావిడే. పక్కింట్లోనే ఉంటుంది. పేరు లియెన్. అక్కడ నాయనమ్మ వయసువాళ్ళని 'బా' అంటారు కాబట్టి ఇందుమతి ఆవిడని 'బా లియెన్' అనేది. ఆ సందులో ఒక పద్ధతుంది. సాయంత్రం ఆరుగంటలకి చెత్తబండి గంట కొట్టుకుంటూ వస్తుంది. అందరూ సంచులు పట్టుకుని పరుగెత్తుకొచ్చి వేస్తారు. అంతవరకూ చెత్త ఎవరింట్లో వాళ్ళదే. సందులో ఆకు కూడా కనిపించదు.

మా ఇందుమతి ఏం చేసింది? పొద్దున్నే ఇల్లు అద్దంలా ఊడ్చి, ఆ దుమ్మంతా గడప దాటించి సందులోకి తోసింది. పుట్టినప్పటినుంచి చూసింది అదే మరి. మావాళ్ళ శుభ్రం గడప దాకా వచ్చి ఆగిపోతుంది, ఆ తర్వాతంతా సర్కారు సొత్తు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. తోసిందాన్ని నేనే కదా!

ఒకటి రెండు రోజులు కాదు, ఎనిమిది నెలలు బా లియెన్ చూసింది, సైగలు చేసింది, గొణిగింది. ఒకనాడు తన చీపురు తెచ్చి ఆ దుమ్మునంతా వెనక్కి, మా గడపలోకే ఊడ్చింది.

"మీ ఇల్లు శుభ్రమే. మా సందు ఏం పాపం చేసింది? పండగయ్యాక అద్దె గడువు అయిపోతుంది. వేరే ఇల్లు చూసుకోండి."

ఇందుమతికి వచ్చిన భాష అంతంతమాత్రమే అయినా ఇదంతా అర్థమైంది. కింది గదిలోనే సత్తిబాబు క్లాసులు నడుస్తున్నాయి. ముప్ఫైమంది దాకా వస్తున్నారు. ఇల్లు పోతే అతని పనీ పోతుంది. ఆమె ఏడవలేదు. నన్ను గట్టిగా పట్టుకుంది. "మనల్ని మురికివాళ్ళనుకుంటోంది కదూ! పండగనాడు చూపిస్తానుండు" అంది.

ఆ పండగ తేత్, వాళ్ళ కొత్త సంవత్సరం. ఆ తెల్లవారుజామున సన్నటి తుంపర పడుతోంది. సందంతా పీచ్‌పూల రేకులు, రాత్రి పండగ సందడిలో అందరూ కొరికిన ఎర్రటి పుచ్చగింజల తొక్కలు. ఇందుమతి కొంగు బిగించి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఊడ్చింది. బా లియెన్ గడప అయితే మరీ శ్రద్ధగా రెండుసార్లు ఊడ్చింది. ఈసారి ఎక్కడా వదల్లేదు, అంతా సంచిలోకి ఎత్తి మూతి కట్టింది. నేనూ ఒళ్ళు దాచుకోలేదు. మమ్మల్ని ఇంక ఎవరంటారో చూద్దామనిపించింది.

బా లియెన్ తలుపు తీసింది. బోసిపోయిన గడప చూసింది. గుండె బాదుకుంది.

"అయ్యో, ఏడాది అదృష్టమంతా సంచిలో కట్టేశావే!"

తేత్ మొదలయ్యాక అక్కడ ఎవరూ చీపురు ముట్టరు. ఊడిస్తే ఇంటి భాగ్యం దుమ్ముతోపాటు వెళ్ళిపోతుందట. అందరికీ తెలిసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు, అదే వచ్చిన చిక్కు. కొత్త ఏడాదిలో ఎవరు మొదట గడప దాటి లోపలికొస్తే వాళ్ళనిబట్టే ఆ ఏడాది నడుస్తుందని ఇంకో నమ్మకం. ఆ పనికి బా లియెన్ ఎదురింటి తాతగారిని ముందే పిలుచుకుంది. ఆయన కోటు వేసుకుని తన గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. సందు మొత్తం మా వంకే చూస్తోంది.

ఇందుమతికి సంగతి అర్థమైంది. "దీపాలు పెట్టాక ఊడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుంది" అని వాళ్ళమ్మ వెయ్యిసార్లు చెప్పింది. ఆ నమ్మకం ఇక్కడికీ వచ్చి కూర్చుందన్నమాట!

వేరే మనిషైతే క్షమించమని కాళ్ళమీద పడేది. మా ఇందుమతి సంచి మూతి విప్పింది. రేకులు, తొక్కలు, దుమ్ము అన్నీ బా లియెన్ గడప మీద కుమ్మరించింది. తను లోపల అడుగు పెట్టకుండా గడప అవతలే వంగి నిలబడి, చెయ్యి చాపి, నాతో ఆ చెత్తనంతా లోపలికి ఊడ్చింది. మెరిసిపోతున్న గచ్చుమీదికి, మూలమూలకీ! చెత్తని ఇంట్లోకి ఊడ్చిన చీపురు లోకంలో ఇంకొకటుంటే చూపించండి.

ఎదురింటి తాతగారు కోటు విప్పేశాడు.

"నేనింక రానక్కర్లేదు లియెన్. మొదటి అతిథి లోపలికి వచ్చేసింది."

అందరూ నావంకే చూశారు. నిజమే, ఆ ఏడు ఆ గడప మొదట దాటింది నేనే! బా లియెన్ నన్ను చూసింది, తన గదినిండా పరుచుకున్న పూలరేకులు చూసింది. ముందు మూతి బిగించింది. తర్వాత ఆపుకోలేక, పళ్ళులేని నోటితో సందంతా వినిపించేలా నవ్వింది. "మనవరాలా, ఇల్లు ఖాళీ చెయ్యకు" అంది. ఇందుమతి అప్పుడు ఏడ్చింది. ఇంత మొండిదాన్ని, నాకూ ఈనెలు వణికాయి.

ఆరేళ్ళయింది. అరిగి మూరెడు మిగిలాను. రెండేళ్ళ కిందట సత్తిబాబు ఊడ్చే మిషనొకటి కొన్నాడు. చెత్తబండి గంట వినగానే నన్ను చంకలో పెట్టుకుని బయల్దేరాడు. బండిలో పడెయ్యబోతుంటే బా లియెన్ కర్ర ఊపుకుంటూ వచ్చి నన్ను లాక్కుంది.

"మా ఇంటి మొదటి అతిథిని చెత్తలో వేస్తావా?"

అప్పటినుంచి ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాను. ఏటా తేత్ ముందురోజు ఇంట్లో చీపుర్లన్నిటినీ మంచం కింద దాచేస్తుంది, నన్ను తప్ప. నన్ను మాత్రం ఇందుమతి చేతికిచ్చి బయటికి పంపుతుంది, మర్నాడు మళ్ళీ మొదట గడప దాటాలని. మిగతా రోజుల్లో ముందు గదిలో, వీధిలోంచి చూస్తే కనిపించేచోట నిలబడతాను. చుట్టాలొచ్చినా సరే, తలుపు వెనక్కి మాత్రం వెళ్ళను.