స్క్రూల మీది రంగు

అటక మీది ప్రింటర్‌ను దింపేసరికి చెల్లెలికి నడుం పట్టేసింది. కాస్త చెయ్యి వెయ్యమంటే అన్నయ్య, "ఆ పాత ఇనుము ఇప్పుడెందుకే, తుక్కువాడికి పడెయ్యక" అన్నాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. తలలు నెరిసినా వాళ్ళ ఎంబ్రాయిడరీ కొట్టు తీరు మారలేదు. పని ఆమెది, పెత్తనం ఆయనది.

పాత కంప్యూటర్ల ప్రదర్శన పెడుతున్నవాళ్ళు ఒకప్పుడు ఆమె రాసిన ప్రోగ్రామ్ గురించి విని, తెచ్చి చూపించమన్నారు. సరేనంది గానీ లోపల బెరుకుగానే ఉంది. నలుగురిలో ఆమె పరువు తీసిన ప్రోగ్రామ్ అది. అది నిజంగా పనికొచ్చేదా, లేక తన తెలివితక్కువకు గుర్తా అన్నది ఇవాళ తేలిపోవాలి.

అన్నయ్యకు పుట్టుక నుంచీ ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. దారాలతో బతికే తండ్రికి అలాంటి కొడుకు! గులాబీకి ఆకుపచ్చ రేకులు కుట్టి నాన్న చేత తిట్లు తింటుంటే చెల్లెలు చూడలేకపోయింది. ఆ రోజుల్లో వచ్చిన, టీవీకి తగిలించే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ప్రోగ్రామ్ రాసింది. డిజైన్‌లో ఒక్కో కుట్టు దగ్గర రంగు బదులు ఒక అక్షరం అచ్చవుతుంది. దారపు ఉండల మీద కూడా అవే అక్షరాలు అంటిస్తే, రంగు తెలియనివాడు కూడా తప్పు లేకుండా కుట్టొచ్చు. సంగతి చెవిన పడి దారాల మిల్లు మేనేజరు చూడ్డానికొచ్చాడు. నచ్చితే ఆమెకు మిల్లులో, వేరే ఊళ్ళో, ఉద్యోగం.

తీరా ఆ రోజు ప్రింటర్ వరుసలన్నీ ఒకదాని మీద ఒకటి కొట్టింది. కాగితం అంగుళం కదల్లేదు. నల్లటి గీత ఒకటి పడి, చివరికి అక్కడే చిరిగింది. ముందురోజు బంగారంలా పనిచేసింది మరి! ఆ పొద్దున తాను ప్రోగ్రామ్‌లో ఒక చిన్న మార్పు చేసింది కాబట్టి తప్పు తనదే అనుకుంది. మేనేజరు నవ్వు బిగబట్టుకుని వెళ్ళిపోయాడు. "పోనీలేవే చిన్నీ, నేను లేనూ?" అని అన్నయ్య తల నిమిరాడు. ఆ మాటకే ఆమె కరిగిపోయింది. అన్నీ అటకెక్కించి, ఆయనకు నోటితో రంగులు చెబుతూ కొట్టులోనే ఉండిపోయింది.

ఇప్పుడు టీవీ వెలిగింది. క్యాసెట్ కీచుకీచుమంటుండగా అందులోని ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోకి ఎక్కింది. ప్రింటర్‌లో ఎండిన సిరా రిబ్బన్‌కు కుట్టుమిషన్ నూనె పట్టించి, కాగితం బిగించి, మీట నొక్కింది. మళ్ళీ అదే నల్లటి గీత.

ఈసారి ఏడవలేదు, ఆలోచించింది. ఈ కంప్యూటర్ వరుస అయిపోయిందని మాత్రమే చెబుతుంది. కాగితాన్ని జరుపుకోవాల్సింది ప్రింటరే. అందుకు లోపల ఒక బుల్లి స్విచ్ ఉంటుంది. కొన్ననాడే దాన్ని వేసి, ఈ కిటుకంతా అన్నయ్యకు గొప్పగా చెప్పి మరీ మూత బిగించింది. ఎవరైనా విప్పితే తెలియాలని స్క్రూల మీద తన గోళ్ళరంగు చుక్కలు పెట్టింది, ముదురు ఎరుపు.

ప్రింటర్‌ను బోర్లించింది. చుక్కలు ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి.

ఆ ఆకుపచ్చ గోళ్ళరంగు సీసా కూడా తనదే. సరదాపడి కొంటే అందరూ ఆటపట్టించారని పక్కన పడేసింది. ఆకుపచ్చను చూసి ఎరుపనుకునే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. మూత విప్పి చూస్తే, స్విచ్ ఆపేసి ఉంది.

"అన్నయ్యా, ఈ స్క్రూలు విప్పావా?"

"నేనా? నాకేం పని!"

"మిల్లు మేనేజరు వచ్చిన రోజు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "నీకెలా తెలిసిందే? మళ్ళీ నీ ఎరుపే పూశాను కదా!"

"అది ఆకుపచ్చ."

"నువ్వెళ్ళిపోతే నాకు రంగులు చెప్పేదెవరే? నాన్న నన్ను బతకనిచ్చేవాడా?" అన్నాడు చివరికి.

"రంగులు చెప్పడానికేగా దీన్ని చేసింది! నేను వెళ్ళినా ఇది నీ దగ్గరుండేది. వెన్నుపోటు పొడిచి, ఆ చేత్తోనే నా తల నిమిరావు. నేనెంత పిచ్చిదాన్నో, ఇన్నేళ్ళూ నిన్ను దేవుడనుకున్నాను."

సూదిమొనతో స్విచ్ వేసి మీట నొక్కింది. కాగితం కదిలింది. వరుస కింద వరుసగా గులాబీ దిగింది, అక్షరం పొల్లుపోకుండా. తప్పు ఏనాడూ తనది కాదు. ఆ గులాబీని చూస్తుంటే సంతోషం రాలేదు.

అన్నీ పెట్టెలో సర్దుకుంటుంటే అన్నయ్య మెల్లగా దగ్గరకొచ్చాడు. సాయంత్రానికి ఇవ్వాల్సిన గుడ్డ బల్ల మీదే ఉంది. ఆయన చేతుల్లో రెండు దారపు ఉండలున్నాయి.

"కోపం తర్వాత పడుదువుగానీ. వీటిలో ఎరుపేదే, చిన్నీ?"

ఇన్నేళ్ళూ తలెత్తకుండానే చెప్పిన జవాబు అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పెట్టె ఎత్తుకుంది.

"స్క్రూలకి పూసిన రోజు నన్ను అడిగావా?" అని బయటికి నడిచింది.