తాగనివాడి ఒట్టు

తెల్లవారే వేళ మంచు. మంచులో చెరకు రసం మరుగుతున్న వాసన.

తోటలకు తోటలు ఆ వాసనలోనే నిద్ర లేస్తాయి. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో చలికాలమంటే అదే — గానుగ తిరగడం, పొయ్యి మండడం, పెనంలో రసం చిక్కబడి రంగు తిరగడం.

ఆ పెనం దగ్గర లోవరాజు చెయ్యి ఉండాలి.

చెయ్యి చన్నీళ్ళలో ముంచి, మరుగుతున్న పాకంలోంచి చిటికెడు తీసి, వేళ్ళ మధ్య ఉండ చేసి చూసేవాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే బెల్లం మాడుతుంది. ఒక్క క్షణం తొందరపడితే దిమ్మ నిలవదు. ఇరవై ఏళ్ళుగా ఆ క్షణం అతని వేళ్ళకి తెలుసు. మార్కెట్టులో దిమ్మని చూసి, ఇది గానుగ ఆసామి త్రినాధరావు పొయ్యి మీద లోవరాజు వండిందని చెప్పేవారు.

రెండువేల నాలుగు చలికాలంలో ఆ చెయ్యి వణికింది.

మొదట కొంచెం... వేళ్ళ మధ్య పాకం జారింది. తర్వాత టీ ఒలికింది. తర్వాత చొక్కా గుండీ పట్టు దొరకలేదు. బయట మంచు కురుస్తుంటే అతనికి ఒళ్ళంతా చెమట. రెండు కంచాల అన్నం తింటున్నాడు — డొక్కలు లోపలికి పోతున్నాయి. కళ్ళు పొడుచుకొచ్చి, ఎర్రబడి, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు.

అతని భార్య సూర్యకళ ఇవన్నీ చూసింది. చూసి, తీర్పు చెప్పేసుకుంది.

ఆమెకి ఈ గుర్తులు కొత్త కాదు. తండ్రి చెయ్యీ ఇలాగే వణికేది. తండ్రి కళ్ళూ ఇలాగే ఎర్రగా ఉండేవి. సారా తాగి తాగి, ఆమెకి పన్నెండేళ్ళప్పుడు పోయాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి, చెయ్యి వణికితే మరో కారణం తోచదు.

"తాగుతన్నావా బావా?"

"నేదే."

"మరి సెయ్యెందుకలాగైపోతంది?"

"నాకేటి తెల్సు? ఒళ్ళంతా మంటగా ఉంటంది."

మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. వాసన లేదు. అయినా నమ్మలేదు. వాసన రాకుండా తాగడం నేర్చాడనుకుంది — ఎంత తెలివైనదో.

ఆ ఊళ్ళో తాగేవాళ్ళ చేత మరిడమ్మ గుడి ముందు ఒట్టు వేయిస్తారు. మంగళవారం పొద్దున్నే తలస్నానం, తడిబట్టలు, అరచేతిలో పసుపు ముద్ద, చుట్టూ పదిమంది. ఒట్టు తప్పితే అమ్మవారు ఊరుకోదు. ఆ భయంతోనే చాలామంది మానేశారు.

"తాగనోడివి ఒట్టెయ్యడానికి బయమేటి?" అంది సూర్యకళ.

ఎంత గట్టిగా అడిగానో అనుకుంది అప్పుడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ముద్ద దిగదు.

మానేస్తానని ఒట్టు వేయడమంటే... ఇన్నాళ్ళూ తాగానని ఊరి ముందు ఒప్పుకోవడమే కదా. అది అతనికి తెలుసు. అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏసెత్తాన్లే. నీకు నిద్దరట్టాలి కదా."

వేశాడు.

తడిబట్టల్లో వణుకుతూ, జన్మలో ముట్టనిదాన్ని ఇక ముట్టనని ఒట్టు వేశాడు. గుంపులో ఎవరో జాలిగా నాలుక చప్పరించారు. సూర్యకళ లెంపలేసుకుని దణ్ణం పెట్టింది. ఆ పూట ఇంట్లో పాయసం కూడా వండింది.

ఒట్టు వేశాక కూడా చెయ్యి వణికింది.

అప్పుడు ఊరు మరో మాట అంది — దొంగచాటుగా తాగుతున్నాడు, అమ్మవారికే ఎగనామం పెట్టాడు. త్రినాధరావు చెడ్డవాడేం కాదు. రెండు పెనాల పాకం మాడేదాకా ఓర్చుకున్నాడు. ఆ తర్వాత, "కొన్నాళ్ళు ఇంటికాడుండు బావా," అన్నాడు, నేల చూస్తూ.

ఒక ఉదయం సూర్యకళ మొగుడి వెనకాలే వెళ్ళింది. చెరకు తోట చాటున నక్కి, సీసా ఎక్కడ దాచాడో చూద్దామని.

శారదా నది ఒడ్డున అతను చొక్కా విప్పాడు. పొగమంచు లేస్తున్న నీళ్ళలో మెడదాకా దిగి కూర్చున్నాడు. ఊరికే. కళ్ళు మూసుకుని. ఒంట్లో మంట చల్లారేదాకా.

సీసా లేదు. తోడు ఎవరూ లేరు. నీళ్ళు — అతను.

అప్పుడైనా వెళ్ళి ఆ భుజం ఎందుకు పట్టుకోలేదు? ఏమైందని ఎందుకు అడగలేదు?

ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంది. ఇవాళ దొరకలేదు, రేపు చూద్దాం అనుకుంది.

ఫాల్గుణంలో అతను గుమ్మంలో కూలబడ్డాడు. గుండె కొట్టుకోవడం చొక్కా మీద నుంచే కనిపిస్తోంది. ఆటోలో అనకాపల్లి తీసుకెళ్ళింది. డాక్టరు మెడ మీద చెయ్యి వేసి గుటక వెయ్యమన్నాడు. చేతులు చాపమని, వేళ్ళ మీద ఒక కాగితం పెట్టాడు. కాగితం ఒకటే అదురు.

"మందు అలవాటుందా?"

లోవరాజు తలెత్తాడు. ఆమె వైపు చూశాడు.

"మానేసేడండి," అంది సూర్యకళ.

రక్తం విశాఖపట్నం పంపారు. నాలుగు రోజులకి ఫలితం వచ్చింది. థైరాయిడ్. గొంతులో చిన్న గ్రంథి — అవసరానికి మించి పనిచేస్తోంది. ఆ వణుకూ, ఆ చెమటా, ఆ ఆకలీ, ఆ కళ్ళూ... అన్నీ దానివే.

"తాగుడికీ దీనికీ సంబంధం లేదమ్మా," అన్నాడు డాక్టరు, మందులు రాస్తూ, మామూలుగా.

సూర్యకళ ఆ చీటీని రెండు చేతులా అందుకుంది.

మాత్రలు ఏడాదిన్నర, రెండేళ్ళు వాడాలి. మధ్యమధ్య రక్తం చూపించాలి. జ్వరమో గొంతునొప్పో వస్తే మాత్ర ఆపి వెంటనే రావాలి. ఆ మాటలన్నీ ఆమె కంఠతా పట్టింది. మాత్ర వేళకి నీళ్ళ గ్లాసుతో నిలబడేది. అతను దగ్గితే నుదురు ముట్టుకునేది.

ఆలస్యంగా వచ్చిన శ్రద్ధ... ఏం చేసుకుంటాడు దాన్ని?

అతను మాత్ర మింగి గ్లాసు తిరిగి ఇచ్చేవాడు. దెప్పలేదు. ఒక్కసారీ దెప్పలేదు.

"నన్ను తిట్టు బావా."

"దేనికే?"

వానలొచ్చాయి. చెమట ఆగింది. వినాయక చవితికి డొక్కలు నిండాయి. దీపావళికి గుండీ తానే పెట్టుకున్నాడు. మార్గశిరానికి చెయ్యి నిలిచింది. కళ్ళు మాత్రం పూర్తిగా మునుపటిలా కాలేదు.

ఊరు చూసింది. ఊరు సంతోషించింది.

ఆలస్యమైతే అయింది, ఒట్టు పనిచేసింది అంది.

త్రినాధరావు స్వయంగా ఇంటికొచ్చి భుజం తట్టాడు. "మాట నిలబెట్టుకున్నావు బావా. రా, పెనం నీదే."

సూర్యకళ బోరింగు దగ్గర చెప్పింది — తాగుడు కాదు, జబ్బు అని. డాక్టరు చీటీ గుడి దగ్గరికి పట్టుకెళ్ళి చూపించింది. అందరూ విన్నారు. తలలూపారు. మొగుడి పరువు కాపాడుకునే ఆడది అని మెచ్చుకున్నారు.

ఒట్టు వెనక్కి తీసుకునే దారి ఉందా అని పూజారిని అడిగింది.

"ఎయ్యడమే గానీ తియ్యడం నేదమ్మా," అన్నాడాయన. "తియ్యడమంటే మళ్ళీ తాగడమే కదా."

ఆ చలికాలమే, ఒక ఉదయం, పక్క ఊరి నుంచి శాంతికుమారి అనే అమ్మాయి వచ్చింది. దేముడు అనే తన మొగుణ్ణి వెంటపెట్టుకుని. అతను గుమ్మం అవతలే తల దించుకుని నిలబడ్డాడు. లోవరాజు పొయ్యి దగ్గరికి బయలుదేరబోతూ తువ్వాలు దులుపుతున్నాడు.

"ఏ వారం ఏయించేవొదినా ఒట్టు? అన్నయ్య సంగతి ఇనే ఈయన్ని తీసుకొచ్చేను."

సూర్యకళ అడ్డంగా తల ఊపింది. "మా బావ తాగనేదమ్మా. అది గొంతులో జబ్బు. నానే తెలీక... ముందు ఈయన్ని ఆస్పత్రిలో సూపించు."

"జబ్బేటొదినా? ఈదంతా సారా వాసనొత్తంటేను."

ఆ పిల్ల తన ముక్కుని తను నమ్మింది.

"సెప్పడం ఇష్టం నేకపోతే మానీ," అంటూ శాంతికుమారి కొంగు సర్దుకుంది.

అప్పుడు లోవరాజు అన్నాడు — "మంగళారం తీసుకెళ్ళమ్మా. తాగేవోణ్ణే నాను. మీ వదినే మాన్పించింది."

శాంతికుమారి ముఖం విప్పారింది. దేముడు మొదటిసారి తలెత్తి, లోవరాజు చేతుల వైపు ఆశగా చూశాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

సూర్యకళ అతని ముఖంలో వెతికింది. కోపం లేదు. ఎగతాళి లేదు.

"ఎందుకలా సెప్పేవు బావా?"

అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నిజం సెప్పినప్పుడు నువ్వే నమ్మనేదు," అన్నాడు, మెల్లగా. "ఇంకెవులు నమ్ముతారే?"

అని వెళ్ళాడు. తోటల మీద మంచు ఇంకా విడలేదు. అతను కనిపించినంతసేపు ఆమె గుమ్మంలోనే నిలబడింది... తిట్టాడో, ఊరడించాడో తెలియక.