గింజ తీసిన చెర్రీలు

కిలో చెర్రీలకు గింజలు తీయడానికి ఎంతసేపు పడుతుందో ఫ్రాన్సులో మా కొరెజ్ వైపు ఎవరినడిగినా చెప్పలేరు. ఇక్కడ ఎవరూ తీయరు మరి. నాకు గంట పైనే పట్టింది. ఆదివారం పొద్దున ఆరింటికే వంటింటి బల్ల ముందు కూర్చుని, తలలో పెట్టుకునే పిన్నుతో ఒక్కొక్క కాయనూ పొడిచి గింజ లాగాను. రసం మోచేతుల దాకా కారింది. అప్పటికే నడుము పట్టేసింది, మధ్యాహ్నం భోజనం పని ఇంకా మొదలే పెట్టలేదు.

మా అత్తగారు లెయోంతీన్‌కు ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, నోరు ఒక పక్కకు జారింది. మాట మాత్రం ఎక్కడికీ పోలేదు, కాస్త నెమ్మదించిందంతే. మింగడమే కష్టం. మెత్తటివే పెట్టాలి, గట్టిది ఏదైనా గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుందని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. సరే, మెత్తటివి చేశాను. తెల్లసొన నురగ గిలక్కొట్టి కస్టర్డ్ మీద తేలించాను. రాస్ప్‌బెర్రీలు వడగట్టి మీగడలో కలిపాను. పీచ్ పళ్ళు పాకంలో ఉడికించి తొక్క తీసి చిదిమి పెట్టాను. ఒక్కటీ లోపలికి పోలేదు. స్పూను దగ్గరికి రాగానే పెదాలు బిగించేది.

"పళ్ళు రాని పిల్లలకు పెట్టేవి నాకెందుకు?" అనేది.

కిందటి సోమవారం తూకం వేస్తే నలభైన్నర కిలోలు. రేపు సోమవారం నలభైకి దిగిందంటే ఆసుపత్రికి తీసుకుపోయి ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. ఏప్రిల్‌లో అక్కడి నుంచి వచ్చిన రోజు ఆవిడ నా మణికట్టు పట్టుకుని, "నన్ను మళ్ళీ అక్కడికి పంపకు" అంది. కొడుకు పక్కనే ఉన్నాడు, కూతురు పక్కనే ఉంది. పట్టుకున్నది నా చెయ్యి.

నిజం చెప్పాలంటే, తీసుకుపోతే నేను ఒక రాత్రి పూర్తిగా నిద్రపోవచ్చని కూడా అనుకున్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. అనుకున్నందుకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు నాకు.

శనివారం ఆవిడ కిటికీలోంచి చెర్రీ చెట్టు వైపు చూసి, "పండాయి. క్లఫూతీ చెయ్యవా?" అంది. మూడు నెలల్లో నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు. అడిగీ అడిగీ అదే అడిగింది. క్లఫూతీ అంటే లోతు పళ్ళెంలో చెర్రీలు గింజలతో సహా పరిచి, పాలూ గుడ్లూ కలిపిన జారు పిండి పోసి కాల్చేది. తినేటప్పుడు ఎవరి గింజలు వాళ్ళు పళ్ళెం అంచున వరసగా పెట్టుకుంటారు, పిల్లలైతే ఎవరికెన్ని వచ్చాయో లెక్కపెట్టుకుంటారు. గింజలు తీసినదాన్ని ఈ ఇంట్లో క్లఫూతీ అనరు.

ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నేను ఉత్తరాన అమియాన్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వేసవిలో, అందరి మెప్పూ పొందుదామని, కూర్చుని గింజలన్నీ తీసి చేశాను. అత్తగారు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని పళ్ళెం పక్కకు నెట్టేసింది. "ఉత్తరాది పిల్ల చెర్రీల ప్రాణం తీసి పెట్టింది" అని పద్నాలుగు మంది ముందు అంది. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు, ప్రతి జూన్‌లో, కొత్త చుట్టం ఎవరొచ్చినా ఆ మాటే. నేను గింజలతో చేయడం నేర్చుకున్నాను. దెప్పడం ఆగలేదు.

గింజలు పారేయలేదు. పాలలో వేసి సన్నటి సెగ మీద కాచాను. రుచంతా గింజలోనే ఉంటుందని ఆవిడే అనేది కదా, ఆ రుచి పాలకు పట్టనీ అని. తర్వాత పాలు వడగట్టి, గింజలు కడిగి, గుప్పెడు నా ఏప్రాన్ జేబులో వేసుకున్నాను.

మా ఆయన రెజిస్ కాఫీకి వచ్చి చూశాడు. "గింజలు తీశావా? అమ్మకు తెలిస్తే?"

"నువ్వు చెప్పకపోతే తెలీదు."

"ఆవిడకు ఒకళ్ళు చెప్పాలా? ముట్టుకోదు చూడు."

"అయితే మధ్యాహ్నం నువ్వే తినిపించు."

ఆయనకు వెంటనే కొట్టంలో దూడలు గుర్తొచ్చాయి. కాఫీ అక్కడే వదిలేసి వెళ్ళాడు.

పన్నెండింటికి ఆడపడుచు జోసియాన్ దిగింది. ప్రతి ఆదివారం లిమోజ్ నుంచి ఒక పూలగుత్తి, బోలెడు సలహాలు పట్టుకొస్తుంది. "అమ్మ చిక్కిపోయింది వదినా. నువ్వు కాస్త ఓపిగ్గా పెట్టాలి" అంది. నేను సలాడ్ కడిగాను, కాల్చిన కోడిని ముక్కలు కోశాను, గిన్నెలు తోమాను. అత్తగారు భోజనంలో దేన్నీ ముట్టలేదు.

క్లఫూతీ బల్ల మీద పెట్టగానే ఆవిడ తల ఎత్తింది. అంచులు గోధుమరంగుకు తిరిగి, మధ్యలో నల్లగా చెర్రీలు తేలి, చూడ్డానికి ఎప్పటిలాగే ఉంది. నేను ఆవిడ ఎడమ పక్కన నిలబడి చిన్న ముద్ద అందించాను. పెదాలు తెరుచుకున్నాయి. లోపల నాలుక అటూ ఇటూ తిరగడం బుగ్గ మీద కనిపిస్తూనే ఉంది, గింజ కోసం వెతుకుతోంది. చేతిగుడ్డతో ఆవిడ మూతి తుడుస్తున్నట్టు తుడిచి, జేబులోంచి ఒక గింజ తీసి పళ్ళెం అంచున పెట్టాను. ఆవిడ దాని వైపు చూసింది. మింగింది.

రెండో ముద్ద పెట్టి, మూతి తుడిచి, ఇంకో గింజ పెట్టాను. మూడోది కూడా దిగింది. నా కళ్ళు ఆవిడ గొంతు మీదే ఉన్నాయి, జేబులోంచి ఎన్ని తీస్తున్నానో కూడా చూసుకోలేదు.

జోసియాన్ అప్పుడు చూసింది ఆ అంచు వైపు. స్పూను కింద పడేసి లేచింది.

"గింజలతో పెట్టావా? నీకు బుద్ధుందా వదినా? డాక్టరు ఏం చెప్పాడు? మా అమ్మను చంపుదామనే ఉన్నావా?"

గింజలు తీశానని ఒక్క మాట అంటే చాలు, ఆ నోరు మూతపడుతుంది. కానీ ఆ మాట అంటే అత్తగారి నోరు కూడా మూతపడుతుంది, ఇక రేపు ఆసుపత్రే. రెజిస్‌కు తెలుసు. తన పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను చేతిగుడ్డ నలుపుతూ నిలబడ్డాను. "మెత్తగానే ఉన్నాయి" అన్నాను.

"మెత్తగానా? గింజలు మెత్తగా ఉంటాయా? ఇంత పగ ఉందని తెలిస్తే నేనే తీసుకెళ్ళేదాన్ని."

"జోసియాన్, కూర్చో" అంది అత్తగారు.

"అమ్మా, నీకు తెలీదు, అది..."

"కూర్చోమన్నానా? గింజల్లేవు ఇందులో." ఆవిడ ఆగి, ఊపిరి తీసుకుని, కుడిచేతి వేలితో పళ్ళెం అంచు చూపించింది. "ఈ పిల్ల జేబులోంచి తీసి పెడుతోంది. మొదటి ముద్దకే తెలిసింది నాకు. నేను తిన్నవి మూడు ముద్దలు. నాలుగు గింజలు పెట్టింది."

చూశాను. నాలుగు ఉన్నాయి. నా మొహం చెర్రీ రంగుకు తిరిగి ఉంటుంది. ఇప్పుడు పళ్ళెం నెట్టేస్తుంది, ఇక అంతే అనుకున్నాను.

ఆవిడ పళ్ళెం నెట్టలేదు. దాన్నే చూస్తూ నెమ్మదిగా అంది. "కొత్తగా వచ్చిన ఏడాది కూడా తీసింది. వేళ్ళు వారం రోజులు నల్లగా ఉన్నాయి దీనికి. పెళ్ళిలో తొడుక్కున్న తెల్ల చేతితొడుగులు వేసుకుని చర్చికి వచ్చింది, ఎవరూ చూడకుండా. నేను చూశాను." మళ్ళీ ఊపిరి తీసుకుంది. "అప్పుడే తినాల్సింది."

జోసియాన్ కూర్చుంది.

"ఇంకో ముక్క పెట్టు" అంది అత్తగారు నాతో. "జేబులోవి వద్దు."

ఏడుద్దామంటే అంత శక్తి మిగల్లేదు. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏప్రిల్ నుంచి ఆదివారం భోజనంలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. ముద్ద అందించాను. ఆవిడ తిని, దగ్గకుండా మింగి, మళ్ళీ నోరు తెరిచింది.